చీకటిగదిని విడువని ఛాయాగ్రాహకుడు

తాటాకు మీద గంటంతో వ్రాసేవాడు అక్షరాన్ని ముందు మనస్సులో వ్రాసుకొని, తరువాతనే ఆకు మీద గీచేవాడు. కొంచెం ఎక్కువ ఒత్తితే ఆకు చీలుతుంది. ఒత్తకపోతే మసి పూసినప్పుడు అక్షరం పైకి తేలదు. తప్పు దొర్లితే దిద్దుకొనే అవకాశం తక్కువ. కాగితమూ, సిరా కలమూ వచ్చిన పిదప ఆ బాధ తీరినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులను కూర్చుండబెట్టి తాళపత్రాలను కాగితం మీదికి ఎత్తి వ్రాయించినందువల్ల ఎన్నో కృతులు చెదపురుగుల వాత పడకుండా నిలిచినవి. ఆ మార్పు మంచిదా, చెడ్డదా అని ఈనాడు ఎవరూ వాదించరు. కాని గంటాన్ని క్రింద పెట్టి కలం పట్టిన మొదటి తరం వ్రాయసగాడు ఒక్క నిమిషమైనా తటపటాయించి ఉండడా? పనిముట్టు పోతే పోవచ్చును. దానితో పాటు చేతికి అలవడిన నిదానం కూడా పోతే ఎట్లా?

21వ శతాబ్ది మొదటి సంవత్సరాలలో ప్రపంచంలోని ఛాయాగ్రాహకులందరికీ ఇట్టి ఘట్టమే ఎదురైనది. నూరేండ్లకు పైగా వారి చేతిలో ఉన్నది ఫిల్ము. ఎదుట నిలిచినది డిజిటల్ కెమేరా. కొందరు పండుగగా మారినారు. కొందరు గత్యంతరం లేక మారినారు. కొందరు నేటికీ మారలేదు. ఈ అందరిలో ఒకరి నిర్ణయం ప్రత్యేకించి పరిశీలింపదగినది. ఆయన మారినారు, కాని మారుతూ కొన్ని షరతులు పెట్టినారు. ఆ షరతులు కెమేరాకు కాదు, తనకు తాను పెట్టుకొన్నవి. ఆయన బ్రెజిలు దేశీయుడు, సెబస్తియావ్ సల్గాదో.

సల్గాదో 1944లో బ్రెజిలులోని మీనస్ జెరైస్ రాష్ట్రంలో ఐమొరేస్ అనే చిన్న పట్టణంలో జన్మించినారు. చదివినది అర్థశాస్త్రం. లండనులో అంతర్జాతీయ కాఫీ సంస్థలో ఉద్యోగం. భార్య లేలియా వాస్తుశిల్పం చదువుకొంటూ, తన చదువు అవసరానికి ఒక కెమేరా కొనుక్కొన్నది. ఆ కెమేరా భర్త చేతికి వచ్చినది. మరి తిరిగి వెళ్లలేదు. ఉద్యోగరీత్యా ఆఫ్రికా వెళ్లినప్పుడల్లా నివేదికలు వ్రాయడం కంటె బొమ్మలు తీయడమే ఆయనకు ఎక్కువ ఇష్టమైనది. 1973లో మంచి జీతం వదలుకొని, ముప్పదేండ్లు నిండబోయే వయస్సులో, ఛాయాగ్రహణాన్నే వృత్తిగా స్వీకరించినారు. 1986లో బ్రెజిలులోని సెర్రా పెలాదా బంగారు గనిలో ఆయన తీసిన చిత్రాలు చూచినవారు మరువలేరు. ఒక మహాగర్తం, దాని గోడల వెంబడి నిచ్చెనలు, నిచ్చెనల మీద బురద మూటలు మోస్తూ చీమల బారులవలె వేలాది మనుష్యులు. యంత్రమన్నది కనబడదు. ఏ పురాణకాలపు దృశ్యమో అనిపిస్తుంది. కాని అది మొన్నమొన్నటి సంగతి.

సల్గాదో పేరు తెచ్చిన చిత్రాలు నలుపు తెలుపులలోనే ఉన్నవి. అందుకు ఆయన ఎక్కువగా వాడిన ఫిల్ము కోడక్ కంపెనీవారి ట్రై-ఎక్స్. 1954లో అది చుట్టల రూపంలో సామాన్య కెమేరాలకు అందివచ్చిన నాటి నుండి ప్రపంచంలోని పత్రికా ఛాయాగ్రాహకులకు అదే నిత్యాన్నము. చాలీచాలని వెలుతురులో కూడా పనిచేసే చురుకుదనం దానికి కలదు. చిత్రం పెద్దది చేసినప్పుడు సన్నని ఇసుక చల్లినట్లు ఒక రేణువు కనబడుతుంది. అది లోపమే, కాని నూరు నాగలుల చాళ్లు పొలానికి అందమైనట్లు, ఆ రేణువు ఆ చిత్రాలకు అందమైనది.

ఆ రేణువు ఏమిటో విద్యార్థులు తెలుసుకోదగినది. ఫిల్ము అంటే పారదర్శకమైన పట్టీ మీద పలుచగా పూసిన జెలటిన్ పొర. ఆ పొరలో వెండి లవణాల స్ఫటికాలు, కంటికి కానరానంత చిన్నవి, కోటానుకోట్లుగా చెదరి ఉంటవి. కెమేరా రెప్ప తెరచుకొన్న క్షణంలో వెలుతురు తగిలిన స్ఫటికంలో నాలుగైదు వెండి పరమాణువులు ఒక్కచోట చేరుతవి. పైకి ఏ మార్పూ కనబడదు. దానినే గుప్తబింబం అంటారు. చీకటిగదిలో డెవలపరు ద్రవంలో ముంచినప్పుడు, ఆ చిన్న గుర్తు ఉన్న స్ఫటికం మొత్తం నల్లని వెండిగా మారుతుంది. గుర్తు లేని స్ఫటికాలను హైపో కరగించి వేస్తుంది. మిగిలినది నెగెటివు. అనగా నెగెటివులోని నలుపు అంతా వెండియే. ఛాయాచిత్రం వెండితో వ్రాసిన వ్రాత అనడంలో కవిత్వం ఏమీ లేదు, అది రసాయనశాస్త్రం.

2004లో సల్గాదో ఒక మహా యత్నానికి పూనుకొన్నారు. మానవుని చేయి ఎక్కువగా సోకని అడవులు, మంచుభూములు, ఎడారులు, ద్వీపాలు, ఆదిమ జీవన పద్ధతిని వదలని జాతులు - వీటినన్నింటినీ చిత్రించాలి. ‘జెనిసిస్’ అని దానికి పేరు. సృష్ట్యాది అని భావం. గాలాపగోస్ ద్వీపాలతో ఆరంభించినారు. ఎనిమిదేండ్ల పని, ముప్పదికి పైగా యాత్రలు. ఈ పనికోసం ఆయన అంతకు ముందు చేతిలో ఇమిడిన చిన్న లైకా కెమేరాలను విడిచి, పెద్ద నెగెటివు ఇచ్చే పెంటాక్స్ కెమేరా పట్టినారు. అడవి చెట్ల ఆకు ఆకునూ, ఏనుగు చర్మం మీది ముడుత ముడుతనూ చూపవలెనన్నది ఆయన పట్టుదల. ఆ కెమేరాలో 220 రకం చుట్ట వేస్తే ముప్పదికి పైగా చిత్రాలు వస్తవి. రెండు మూడు నెలల యాత్రకు ఇట్టివి వందలకొద్దీ చుట్టలు మోసుకొని పోవలసినదే.

మోత బరువును ఆయన సహించగలిగినారు. సహించలేకపోయినది విమానాశ్రయాన్ని.

2001 సెప్టెంబరులో అమెరికాలో జరిగిన దాడుల తరువాత విమానాశ్రయాలలో తనిఖీలు కఠినమైనవి. ప్రయాణికుని సామాను ఎక్స్‌రే యంత్రం గుండా పోకుండా విమానం ఎక్కదు. సాధారణ ప్రయాణికునికి దానివల్ల వచ్చే నష్టం లేదు. ఫిల్ము మోసేవానికి అదే పెద్ద గండం. కంటికి కనబడే వెలుతురుకూ, కనబడని ఎక్స్‌రేకూ ఫిల్ముకు భేదం తెలియదు. రెండింటికీ ఒక్క తీరుగా స్పందిస్తుంది. 1895లో రాంట్జెన్ మహాశయుడు తాను కనుగొన్న కొత్త కిరణాలతో భార్య చేతి ఎముకలను చూపగలిగినది ఫోటోగ్రాఫు ప్లేటు మీదనే గదా! ఆనాడు వరమైన గుణమే ఈనాడు శాపమైనది. ఒక్కసారి యంత్రంలో పోతే పెద్ద చెరుపు జరగకపోవచ్చును. కాని మారుమూల ప్రదేశాలకు పోయేవాడు ఒక్క విమానంతో పోడు. నాలుగు చోట్ల దిగి, నాలుగు చోట్ల ఎక్కవలెను. తిరుగు ప్రయాణంలో మళ్లీ అన్ని చోట్లా అదే తంతు. ఒక్కొక్క తనిఖీలో పడిన కొద్దిపాటి మసక తరువాతిదానితో కూడుకొంటూ పోతుంది. చురుకైన ఫిల్ముకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

చేతితో తెరచి చూడండి, యంత్రంలో పెట్టవద్దని సల్గాదో ప్రతి చోటా ప్రాధేయపడవలసి వచ్చేది. ఒక అధికారి దయతలచేవాడు. మరొకడు నియమం చూపేవాడు. ఇంటికి వచ్చి చుట్టలు కడిగి చూచుకొంటే, నలుపుకూ తెలుపుకూ నడుమ ఉండే బూడిద రంగు మెట్లలో కొన్ని చెదరి ఉండేవి. నలుపు తెలుపు చిత్రానికి ప్రాణం ఆ నడిమి మెట్లే. మంచులో తెల్లని పక్షి ఎగురుతుంటే మంచు తెలుపూ పక్షి తెలుపూ వేరువేరుగా కనిపించేది వాటివల్లనే. ఇంతలో 220 చుట్టల వాడకం లోకంలో తగ్గి, తయారీ కూడా కుదించుకొని పోసాగినది. నడి ఏటిలో పడవకు చిల్లి పడినట్లయినది ఆయన పని.

ఇక్కడ ఒక సంగతి గుర్తించవలెను. ఫిల్మా, డిజిటలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు సామాన్యంగా వాదం చిత్రం నాణ్యం మీద సాగుతుంది. సల్గాదోకు ప్రశ్న అక్కడ పుట్టలేదు. ఫిల్ము మీద ఆయనకు ప్రేమ తగ్గలేదు. తీసిన చిత్రం ఇంటిదాకా క్షేమంగా చేరుతుందా అన్నదే ఆయన సమస్య. వయస్సు 64. మొదలుపెట్టిన పని సగంలో ఉన్నది. మానివేయడమా, మారడమా?

అప్పటికి మారినవారు లేకపోలేదు. 1984లో భోపాల్ విషవాయు దుర్ఘటనను కండ్లకు కట్టించిన రఘు రాయ్ 2003లో ముంబయిలో ఒక పత్రిక పనిమీద డిజిటల్ కెమేరా పట్టి, తిరిగి ఫిల్ము వైపు మరలలేదు. ఆయనకు తటపటాయింపు తక్కువ. వీధిలో జీవితం పరుగెత్తుతూ ఉంటే, తీసినదాన్ని అక్కడికక్కడే చూచుకొని మరింత దగ్గరకు పోగలగడం ఆయన పద్ధతికి సరిపోయినది.

మారని వారూ మూర్ఖులు కారు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన మైకేల్ కెన్నా నలుపు తెలుపు ప్రకృతి చిత్రాలకు ప్రసిద్ధుడు. రాత్రివేళ కెమేరాను ముక్కాలిపీట మీద నిలిపి, దాని రెప్పను గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు పది గంటలదాకా కూడా, తెరచి ఉంచుతాడు. నక్షత్రాలు గీతలవుతవి; సముద్రపు అలలు పొగమంచవుతవి. ఈ పనికి ఫిల్ముకు విద్యుత్తు అక్కరలేదు, అలసట లేదు. డిజిటల్ కెమేరాలో అంతసేపు రెప్ప తెరచి ఉంచితే లోపలి ఫలకం వేడెక్కి, లేని చుక్కలు పుట్టుకొస్తవి. బ్యాటరీ ఖాళీ అవుతుంది. తన పని స్వభావం తెలిసి ఫిల్మును పట్టుకొని ఉన్నవాడు కెన్నా. కనుక ఈ విషయంలో అందరికీ ఒక్క శాసనం చెప్పబూనడం అవివేకం. వేటకు పోయేవాడూ, చేపలు పట్టేవాడూ ఒక్క తీరు వల వాడరు.

సల్గాదో తొందరపడలేదు. డిజిటల్ కెమేరాతో తీసిన చిత్రాలను తనకు కావలసినంత పెద్దవిగా అచ్చు వేయించి, తన ఫిల్ము చిత్రాల ప్రక్కన పెట్టి చూచుకొన్నారు. ఆనాటికి కెనాన్ కంపెనీవారి కొత్త కెమేరాలో చిత్రానికి 2 కోట్ల 10 లక్షల బిందువులు పలికేవి. ఆకులూ ముడుతలూ ఆయన కోరినంతగా వచ్చినవి. 2008లో ఆయన మారినారు. వందల చుట్టల బరువు పోయి, జేబులో పట్టే కార్డులు వచ్చినవి. విమానాశ్రయంలో ఆ కార్డులను ఏ కిరణమూ చెరపలేదు.

ఇంతటితో కథ ముగిసి ఉంటే చెప్పుకోవలసినది అంతగా లేదు. కెమేరా మారినది గాని, కెమేరాకు ముందూ వెనుకా ఉన్న పనిని మార్చుకొనడానికి ఆయన ఒప్పుకొనలేదు. విశేషమంతా అక్కడనే ఉన్నది.

ఫిల్ము కాలంలో ఒక అలవాటు ఉండేది. చుట్ట కడిగిన తరువాత నెగెటివు పట్టీలను వరుసగా ఒక పెద్ద కాగితం మీద పరచి, ఉన్నవి ఉన్నంత చిన్నవిగానే అచ్చు తీసేవారు. దానిని కాంటాక్టు షీటు అంటారు. ఛాయాగ్రాహకుడు భూతద్దం పట్టుకొని, ఒక్కొక్క చిన్ని బొమ్మనూ పరిశీలించి, ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టుకొనేవాడు. ఆ షీటులో మంచివే కాదు, చెడినవి కూడా ఉంటవి. ఒక మంచి చిత్రానికి ముందు ఎన్నిసార్లు గురి తప్పినదో, ఎక్కడ తొందరపడినాడో, ఎక్కడ ఒక్క అడుగు వెనుకకు వేయవలసినదో అంతా వరుసగా కనబడుతుంది. ఉపాధ్యాయుడు దిద్దిన కాంపోజిషన్ పుస్తకం వంటిది అది. అందులోని ఎర్ర గీతలే విద్య.

డిజిటల్ కెమేరా వెనుక చిన్న తెర ఉంటుంది. తీసిన మరుక్షణంలో అందులో బొమ్మ కనబడుతుంది. నచ్చకపోతే ఒక్క నొక్కుతో తుడిచివేయవచ్చును. ఆ సౌకర్యం ఎంత పెద్దదో, అంత పెద్ద ఉచ్చు కూడా. తీసినవాడు ఎదుటి దృశ్యాన్ని చూడడం మాని, తాను తీసిన బొమ్మను చూచుకొంటాడు. అప్పుడే మేఘం కదలిపోతుంది. పైగా అలసిన కండ్లతో, ఎండలో, అగ్గిపెట్టెంత తెర మీద చూచి చెరపివేసినది నిజంగా పనికిరానిదేనా? ఏడాది తరువాత చల్లని మనస్సుతో చూస్తే అదే మణిపూస కావచ్చును.

సల్గాదో ఈ ఉచ్చులో పడలేదు. ఆయనకు కంప్యూటరు తెర మీద చిత్రాలను ఎంచుకొనడం రాలేదు. నేర్చుకొనడానికి ప్రయత్నించినట్లు కూడా లేదు. యాత్ర ముగించి ప్యారిస్ చేరిన తరువాత, ఆయన సహాయకులు కార్డులలోని చిత్రాలన్నిటినీ కాంటాక్టు షీట్లుగా అచ్చు వేసి యిచ్చేవారు. ఆయన మునుపటివలెనే కుర్చీలో కూర్చొని, భూతద్దం తీసుకొని, ఒక్కొక్క బొమ్మా చూచి ఎన్నుకొనేవారు. కెమేరాకు చుట్ట లేదు. ఎన్నికకు మాత్రం షీటు ఉన్నది.

రెండవ షరతు మరింత చిత్రమైనది. ఎన్నుకొన్న చిత్రాలకు ట్రై-ఎక్స్ ఫిల్ముకు ఉండే ఆ ఇసుక రేణువును కంప్యూటరు చేత పోలిక తప్పకుండా వేయించినారు. 2004లో ఫిల్ము మీద తీసిన తాబేలూ, 2011లో డిజిటల్‌లో తీసిన సైబీరియా మంచు ప్రజలూ ఒకే పుస్తకంలో, ఒకే గోడమీద ప్రక్కప్రక్కన ఉండవలెను. చూచేవానికి అతుకు కనబడరాదు. 2013లో లండనులో జెనిసిస్ ప్రదర్శన జరిగినప్పుడు ఏ చిత్రం ఏ కెమేరాతో తీసినదో కనిపెట్టడం నిపుణులకు కూడా తేలిక కాదు.

ఇది మోసం కాదా అని అడుగవచ్చును. లేని రేణువును ఉన్నట్లు చూపడం పట్టుచీరకు లేని జరీ అంచు అతికినట్లే గదా! ఈ ఆక్షేపణలో బలం లేకపోలేదు. రేణువు ఫిల్ములో వెండి స్ఫటికాలవల్ల సహజంగా పుట్టినది. ఇక్కడ అది వేషం. అయితే ఎనిమిదేండ్ల గ్రంథానికి మధ్యలో లిపి మారితే పాఠకుని మనస్సు విషయం మీద నుండి అక్షరాల మీదికి పోతుంది. సల్గాదో రేణువును అలంకారంగా కాక, ఒకే చేతి వ్రాతగా నిలపడానికి వాడినారు. ఆ మేరకు క్షమింపవచ్చును. జెనిసిస్ వంటి అవసరమేదీ లేకుండా, పాతకాలపు సొగసు కోసం ఫోను చిత్రాలకు మరకలూ గీతలూ అద్దుకొనే నేటి వేడుకకు ఈ సమర్థన చెల్లదు.

మూడవ షరతు అన్నిటికంటె ముఖ్యమైనది. ఎన్నుకొన్న డిజిటల్ చిత్రాన్ని ఒక ప్రత్యేక యంత్రం సహాయంతో నిజమైన ఫిల్ము మీదికి, 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల పొడవు గల నెగెటివుగా ఎక్కించినారు. ఆ నెగెటివు నుండి చీకటిగదిలో, ఎర్రదీపం క్రింద, వెండి పూత పూసిన కాగితం మీద, పాత పద్ధతిలోనే ప్రింట్లు వేయించినారు. ఎక్స్‌రేకు భయపడి ఫిల్మును విడిచిన మనిషి, ఇంటికి చేరిన తరువాత మళ్లీ ఫిల్మునే ఆశ్రయించినాడు. తోవలో మాత్రమే డిజిటల్. బయలుదేరేటప్పటి నిదానమూ, గమ్యమూ పాతవే.

ఎందుకింత శ్రమ? ప్రింటు అందం ఒక కారణం. రెండవది, నెగెటివు చేతితో పట్టుకొనగల వస్తువు. వెలుతురుకు ఎత్తి చూస్తే చాలు, అందులో ఏమున్నదో తెలుస్తుంది. దానిని చదవడానికి యంత్రం అక్కరలేదు.

ఈ మాట విలువ తెలియాలంటే హైదరాబాదు చరిత్రను ఒకసారి తలచుకోవలెను. 1844లో మీరట్ సమీపాన సర్ధనాలో పుట్టిన లాలా దీన్ దయాళ్ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై, రాజా బిరుదు పొంది, 1905లో గతించినారు. సికింద్రాబాదులో ఆయన చిత్రశాల ఉండేది. ఆయన పనిచేసిన కాలంలోనే ఛాయాగ్రహణం ఒక పెద్ద మార్పు చూచినది. మొదట తడి ప్లేట్లు: గాజుపలకకు ద్రవం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, ఆరకముందే కడుగవలెను. ఎక్కడికి పోయినా చీకటి గుడారం వెంట మోయక తప్పదు. 1880 ప్రాంతాన జెలటిన్ పూసిన పొడి ప్లేట్లు వ్యాప్తికి వచ్చి ఆ గుడారాన్ని అనవసరం చేసినవి. ఆనాడు కూడా పాతదానిని విడువలేక బాధపడినవారు ఉండే ఉంటారు. కాని రెండింటిలోనూ చివరకు మిగిలినది గాజుపలకే. దీన్ దయాళ్ గాజుపలకలు వేలకు వేలుగా నేడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నవి. కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టిన ఎవరికైనా నూరేండ్ల వెనుకటి రాజభవనమూ, వేటసరంజామా, నవాబుల తలపాగాలూ నేటికీ కనబడతవి.

తీసిన చిత్రాన్ని దాచడంలో ఫిల్ము అమరమని అనుకొంటే అదీ పొరపాటే. వేడికీ తేమకూ జెలటిన్ మీద బూజు పడుతుంది. పట్టీ వంకరలు పోయి పుల్లని వాసన వేస్తుంది. భారతదేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో ఫిల్ము మీదనే తీసినారు. ఒక్క ప్రతి కూడా దక్కలేదు. ఇక డిజిటల్ సంగతి: చల్లని గది, తేమలేని గాలి అక్కరలేదు గాని, డిస్కు చెడిపోతుంది, చదివే యంత్రం పాతబడి మార్కెట్టులో దొరకదు, కొన్నేండ్లకొకసారి క్రొత్తదానిలోకి ఎత్తి వ్రాస్తూ ఉండకపోతే అన్నీ ఒక్కసారిగా పోతవి. ఫిల్ము మెల్లగా చస్తుంది, చచ్చేముందు చెబుతుంది. డిజిటల్ చెప్పకుండా పోతుంది. బ్రౌను పండితులు చేసిన ఎత్తివ్రాత పని మళ్లీ మొదలైనదన్న మాట. ఈసారి దానికి ముగింపు లేదు.

తెలుగు పట్టణాలలోని చిన్న స్టూడియోలకు ఈ మార్పు మరొక రూపంలో వచ్చినది. సల్గాదోకు పరీక్షలు చేయించుకొనే వ్యవధి ఉన్నది, సహాయకులు ఉన్నారు. వీధి చివర స్టూడియో పెట్టుకొన్న ఫోటోగ్రాఫరును ఎవరూ అడుగలేదు. పాఠశాలలో ఏటేటా తీసే గ్రూపు ఫోటోను గుర్తు చేసుకొంటే చాలు. నడుమ కుర్చీలో ప్రధానోపాధ్యాయులు, అటూ ఇటూ పంతుళ్లు, వెనుక బల్లలమీద పొడుగు పిల్లలు, ముందు నేలమీద చిన్నవాళ్లు, వారి నడుమ తరగతీ సంవత్సరమూ వ్రాసిన పలక. ఫోటోగ్రాఫరు రెండు చిత్రాలు మాత్రమే తీసేవాడు. ఫిల్ము ఖరీదు అటువంటిది. అందుచేత ఎవరూ కన్ను మూయరాదని పది నిమిషాలు సర్దేవాడు. ప్రింటు వెనుక రబ్బరు ముద్రతో నెగెటివు నంబరు వేసి, కాపీలు కావలసివస్తే ఈ నంబరు తెలుపవలెనని అచ్చు వేసేవాడు. ఇరువై ఏండ్ల తరువాత ఆ నంబరు పట్టుకొని వచ్చినవానికి నిజంగానే కాపీ దొరికేది. నేడు అదే పాఠశాలలో వార్షికోత్సవం నాడు నూరు ఫోన్లు వేయి చిత్రాలు తీస్తవి. ఆ చిత్రాలకు నంబరు లేదు. ఇంత బీద పిల్లవానికి కూడా తన ముఖం చూచుకొనే భాగ్యం కలిగినదన్న సంతోషాన్ని కాదనరాదు. ఫిల్ము కాలంలో గ్రూపు ఫోటో ప్రింటు కొనలేని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉండేవారు. మూతపడిన స్టూడియోల అటకల మీది నెగెటివు పెట్టెలు ఎన్ని చెత్తకుప్పలకు పోయినవో మాత్రం లెక్క లేదు.

ఫిల్ము తయారుచేసినవారి గతి కూడా ఒక వింత. డిజిటల్ కెమేరా పుట్టినది ఫిల్ముకు పుట్టినిల్లయిన కోడక్ కంపెనీలోనే. 1975లో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు అక్కడ తయారుచేసిన యంత్రం సుమారు మూడున్నర కిలోల బరువు. చిత్రానికి 10,000 బిందువులు. ఒక్క బొమ్మ క్యాసెట్టు టేపు మీద ఎక్కడానికి 23 సెకండ్లు. మరుసటి సంవత్సరం అదే కంపెనీ ఉద్యోగి బ్రైస్ బేయర్ పేర పేటెంటు పొందిన రంగుల జల్లెడ నేడు దాదాపు ప్రతి డిజిటల్ కెమేరాలోనూ ఉన్నది. చేతిలో దీపం ఉండి కూడా కోడక్ తన ఫిల్ము వ్యాపారం నుండి చూపు మరల్చుకోలేకపోయినది. 2012 జనవరిలో దివాలా రక్షణకై న్యాయస్థానాన్ని ఆశ్రయించినది. మన దేశంలో ఉదకమండలంలో 1967 నుండి ‘ఇందు’ పేరుతో ఫిల్ము తయారుచేసిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కూడా మూతపడినది. కోడక్ మాత్రం దివాలా నుండి బయటపడి, నేటికీ ఫిల్ము తయారు చేస్తూనే ఉన్నది. ట్రై-ఎక్స్ ఇంకా దొరుకుతున్నది.

సల్గాదో ఆ తరువాత అమెజాన్ అడవుల చిత్రాలను 2021లో పుస్తకంగా వెలువరించినారు. జెనిసిస్ పనిమీద 2010లో ఇండోనీషియాలో పట్టిన మలేరియా ఆయనను లోలోపల వదలలేదు. దాని పర్యవసానంగా వచ్చిన రక్తవ్యాధితో 2025 మే 23న ప్యారిస్‌లో కన్నుమూసినారు. ఆయన వెనుక మిగిలిన నెగెటివులలో రెండు జాతులున్నవి. ఒకటి సెర్రా పెలాదా బురదలో, ఆఫ్రికా కరువు శిబిరాలలో ఆయన భుజాన వ్రేలాడి తిరిగినది. రెండవది ఎన్నడూ కెమేరాలో కూర్చొననిది, ఎండ చూడనిది. ప్యారిస్‌లోని ఒక చీకటిగదిలోనే పుట్టినది. రెండింటిలోనూ ఉన్నది ఒకే వెండి.